ఎనిమిది మార్కుల ప్రశ్న

విజయనగరం. ఏప్రిల్. పేపర్లు దిద్దే హాలు.
ఫ్యాను చప్పుడుంది, గాలి లేదు.
పూటకి ఇరవై పేపర్లు, ఒక ఎర్రపెన్ను,
పేరుండాల్సిన చోట కోడు నంబరు.

పదమూడో ప్రశ్న:
మృత్యువు గురించిన ఈ కవితలోని ఇతివృత్తాన్నీ
అలంకారాలనూ విశ్లేషించండి.
కవిత చిన్నదే. అందులో చావు ఒక పడవ,
అవతలి ఒడ్డు కనిపించని ఏరు.
కీ పేపరు బల్ల మీదుంది:
ఇతివృత్తానికి రెండు, రూపకానికి రెండు,
అనుప్రాసకి రెండు, ముగింపుకి రెండు.

పొద్దుట్నుంచి పద్దెనిమిది మంది
ఒకే గైడులోంచి ఒకే పడవెక్కారు.
'కవి మృత్యువును పడవగా చక్కగా అభివర్ణించినాడు.'
ఏడు. ఏడు. ఏడు.
నా చెయ్యి రేవులో టిక్కెట్లు చించేవాడి చెయ్యయింది.

పంతొమ్మిదోది ఇలా మొదలైంది:
'మా ఊరికి పడవ లేదు. మాకు గోగు ఉంది.

గోగు కట్టలు గెడ్డలో ముంచి
పైన మట్టిపెళ్ళలు బరువెట్టి కుళ్ళబెడతారు.
తొందరపడి లాగితే నార తెగిపోద్ది.
బాగా కుళ్ళితే కట్టెనొదిలీసి
దానంతటదే చేతికొచ్చీస్తాది.
మా మామ్మ అలాగ ఎల్లిపోనాది.
ఇది ఉపమాలంకారం.

ఆఖరి రెండు రాత్రులూ మామ్మ
"హ" అన్న ఒక్క అక్షరమే పలికింది.
ఒకే హల్లు పలుమార్లు వస్తే వృత్త్యనుప్రాస.

పదేళ్ళు మాటల్లేని మా పెదనాన్న
"నా బంగారు తల్లీ" అని ఏడ్చినాడు. అతిశయోక్తి.
మంచం కింద గ్లాసులో చోడంబలి తొరక కట్టింది,
ఈగ వాలింది, ఎవులూ తోలలేదు. స్వభావోక్తి.

ఇతివృత్తం: పెద్దలు "కాలం చేసింది" అంటన్నారు.
మామ్మ నార తీసింది, పిడకలు చేసింది, అంబలి చేసింది.
కాలం ఎప్పుడు చేసిందో నేను చూడలేదు.'

పెన్నుకి మూత పెట్టాను.
గోగు కుళ్ళు వాసన నాకు కొత్త కాదు.
మా అమ్మ గోళ్ళలో అది ఏ సబ్బుకీ లొంగేది కాదు,
ముద్ద కలిపి పెడితే మొహం తిప్పుకునేవాణ్ణి.
ఆవిడ పోయాక, పెద్దకర్మ కార్డు కోసం వెళ్తే
ప్రెస్సు కుర్రాడన్నాడు:
'పాత మేటరే ఉంచీమంటారా మాస్టారూ?
పేరు మారిస్తే సరిపోద్ది.'
సరే అన్నాను.
తెలుగు పండితుణ్ణి, ముప్పయ్యేళ్ళ సర్వీసు.
ప్రూఫు దిద్దాను కూడా. ఒక ఒత్తు పోతే పెట్టాను.

'ఏటి మాస్టారూ, పంతొమ్మిది దగ్గరే ఆగిపోనారు?'
అప్పలనరసమ్మ మేడం, చీఫ్.
'రూపకం అడిగితే ఉపమ రాసిందండీ.'
రాసింది అన్నాను. అమ్మాయో అబ్బాయో ఎవరికి తెలుసు.
'కీలో లేదు కదా, కోసీండి. టీ చల్లారిపోతంది.'

చివరి వాక్యం దగ్గరికొచ్చాను:
'తెల్లారగట్ల నీళ్ళు పట్టడానికి లేచాను. అప్పుడు మామ్మ'
అంతే. గంట కొట్టేసి ఉంటారు.
కింద ఇంకా ఆరు గీతలు ఖాళీ.

రూపకానికి రెండూ వేశాను, కీ వైపు చూడకుండా.
ముగింపుకి రెండు. ముగింపు లేదు.
సున్నా చుట్టాను. ఎనిమిదికి ఆరు.
మార్జిన్లో మనం ఏమీ రాయకూడదు, రూలు.

సాయంత్రం నెల్లిమర్ల మీదుగా బస్సు,
జనపనార మిల్లు గోడ ఎంతకీ అయిపోదు.
చంపావతిలో నీళ్ళకన్నా ఇసకే ఎక్కువ.
అప్పుడు మామ్మ
నవ్వింది, అని పెట్టి చూశాను.
పిలిచింది. ఇటు తిరిగింది.
ఏదీ అతకలేదు, అతికినా ఇష్టం కాలేదు.
మన భాషలో క్రియ ఆఖర్నొస్తుంది,
అది పడేదాకా
ఎవరికీ ఏమీ కానట్టే.

కండక్టరు చిల్లరిచ్చాడు.
ఎందుకో వేళ్ళు ముక్కు దగ్గర పెట్టుకున్నాను.
రూపాయి బిళ్ళల వాసన. ఎర్రసిరా.
ఇంకేమీ లేదు.