గోరంత గీత

అక్టోబరు గాలి బాల్టిక్ మీంచి వచ్చి
మా నోటుపుస్తకాల పేజీలు తనే తిప్పేస్తోంది.
తార్తు నుంచి బస్సులో వచ్చిన పదకొండు మందిమి.
యాసిడ్ సీసా మోసే పని నాది.

హెల్వె పల్గి చరియ ముందు మోకాళ్ళ మీద కూచుని
రాతిని నాలుకతో తడిపింది.
"ముందు ఎంగిలి, భూతద్దం తర్వాత" అంది.
తడిసిన మేర గవ్వల నుసి తేలింది,
నిడుపాటి కొమ్ముల్లో కాపురమున్న జీవుల ముక్కలు తేలాయి.
క్వారీలో పనిచేసిన మా తాత వాటిని పడవమేకులనేవాడు.
పరీక్షలో అలా రాస్తే మార్కులు రావు గానీ
ఆవిడ రాసుకుంది, తాత పేరుతో సహా.

ఒక్క చుక్క వేశాను.
రాయి బుసబుస పొంగింది.
నలభై ఆరు కోట్ల ఏళ్ళుగా బిగపట్టిన ఊపిరి
నా బొటనవేలి పక్కన బుడగలై పోయింది.

"అప్పటికి ఈ నేల ఇక్కడ లేదు,
భూమధ్యరేఖకి దిగువన చల్లటి నీళ్ళలో ఉంది" అంటూ
రెండు పొరల నడుమ తుప్పురంగు గీత మీద వేలు నడిపింది.
"ఇది ఒక్క తుఫాను రాత్రి కోసిన గాటు.
నా థీసిస్‌లో నలభై మూడో పేజీ."

మారెత్ చాలాసేపు ఏమీ అనలేదు.
గీతలో చిన్న కన్నం.
పెన్సిలు మొన అందులో దూర్చింది.
పక్కన ఇంకోటి.
ఇంకోటి.
"బురదలో తొలిస్తే అంచు ఇంత పదునుగా ఉండదు కదా.
గట్టిపడి రాయయ్యాక, ఎవరో తీరిగ్గా తొలిచారు.
సముద్రం ఇక్కడ ఏమీ పొయ్యకుండా ఊరుకుంది,
ఎన్ని వేల ఏళ్ళో."

ఒక నీటికాకి మా తలల మీంచి పోయింది.
హెల్వె కళ్ళద్దాలు తుడుచుకుంది, మళ్ళీ తుడుచుకుంది.
"ఒక రాత్రనుకున్నాను" అంది.
మూరెడు రాయి నాలుగు రోజుల ఒండ్రు కావచ్చట,
కాలమంతా ఆ గోరంత గీతలో ఉందట.
తిరుగు బస్సులో ఎవరితోనూ మాట్లాడలేదు.

గురువారం భూశాస్త్ర చరిత్ర క్లాసు. ఎప్పట్లాగే ఐదుగురం.
రాతిలో గవ్వలు ప్రకృతి పరాచికాలన్నవాళ్ళు,
అన్నిటికీ ఒకే ప్రళయాన్ని పూచీ పెట్టినవాళ్ళు
బోర్డు మీద వరసగా ఉన్నారు.
వాళ్ళ కింద రాసింది:
హెల్వె పల్గి, 1983, ఒక రాత్రి.
సుద్దముక్క విరిగింది.
"ఇదీ ఒకప్పటి సముద్రమేనా?" అడిగారెవరో.
"డబ్బా మీద చదువు. జిప్సం."
నవ్వలేదు. ఆ కింద చాలా చోటు వదిలింది.

ఇంటికొచ్చి చూసుకుంటే
సీసా మూత సరిగా బిగించలేదేమో,
కోటుజేబుకి చిల్లు.
వేలు దూర్చి చూశాను.
అంచు మెత్తగా ఉంది.