పదిహేడో దీపం దగ్గర

టిబిలిసిలో, భూమికి అరవై మీటర్ల అడుగున
నాదొక గాజు గది.
ఒక కుర్చీ, ఒక మైకు, ఒక ఎర్ర మీట.
ముప్ఫై ఒక్క ఏళ్ళుగా
దిగే మెట్లకీ ఎక్కే మెట్లకీ కాపలా.
కదిలే మెట్లకి కాపలా ఏమిటని అడక్కండి,
మా ఆయన అడిగేవాడు, పోయేదాకా.

చెప్పొచ్చేదేమంటే, ఆ టెక్లే అన్న పిల్ల సంగతి.
జనవరి. పొద్దున ఎనిమిదిన్నర.
పసుపు వానకోటు, మగవాళ్ళ బూట్లు.
దిగే మెట్ల మీద ఎదురెక్కడం మొదలుపెట్టింది.
మెట్టు ఎంత దిగితే తను అంతే ఎక్కుతుంది.
పైకి పోదు, కిందికి రాదు,
పదిహేడో దీపం దగ్గరే.
ఏటికి ఎదురీదే చేపకైనా
ఎక్కడికో పోవాలని ఉంటుంది.
ఈమెకి అదీ ఉన్నట్టు లేదు.

నా గది పక్కన మూడుకాళ్ళ కెమెరా,
దాని వెనక చలికి ముక్కు ఎర్రబడ్డ కుర్రాడు.
"అనుమతి ఉందా?" అన్నాను.
"ఉంది, రేపటిది" అన్నాడు.

నలుగురు ఏమనుకుంటారో అంటాం కదా,
ఆ పూట దిగినవాళ్ళు నాలుగువేల మంది ఉంటారు.
ఒకాయన భుజంతో తోశాడు, తోసి క్షమించమన్నాడు.
నారింజల సంచీతో ఒక ముసలామె
"ఎవరి పిల్లవే నువ్వు?" అని అడిగి
జవాబు రాకముందే కిందికి వచ్చేసింది.
నల్లంగీ ఫాదరీ శిలువ గీసుకున్నాడు,
ఆమె కోసమో, తన కోసమో.
ఎక్కువమంది మాత్రం
ఫోన్లలోంచి తలెత్తకుండానే పక్కకి ఒరిగి
రాయి చుట్టూ నీళ్ళలా సర్దుకుపోయారు.
దానికే నాకు ఒళ్ళు మండింది, ఎందుకో.

మైకులో అన్నాను:
"పసుపు కోటు పౌరురాలా, నలుగురితో పాటు దిగండి."
ఆ సొరంగంలో నా గొంతు నాకే పరాయిదిగా వినిపించింది.
ఆమె తల తిప్పలేదు. రొప్పుతోంది.
జుట్టు కొసల్లోంచి చెమట.
నా వేలు మీట మీద ఉంది. నొక్కలేదు.
నలభై రెండు నిమిషాలు నొక్కలేదు.
రిపోర్టులో పదకొండు అని రాశాను.

ఆఖరికి జుంబెర్ ఫోను చేశాడు, మా పైవాడు.
"కళ్ళు పోయాయా లమారా?"
నొక్కాను.

మెట్లు ఆగాయి.
దిగుతున్న జనమంతా ఒక్కసారి ముందుకి తూలారు
ఎవరికో దండం పెడుతున్నట్టు.
ఆమె కాళ్ళకి ఆ సంగతి తెలీదు.
అవి ఎక్కుతూనే ఉన్నాయి.
పద్దెనిమిదో దీపం. పందొమ్మిది.
అప్పుడు గాని తెలీలేదు మాకు
ఇంతసేపూ ఆమె ఎక్కుతోందని.

మార్చిలో, మూతబడ్డ కుట్టు ఫ్యాక్టరీలో ప్రదర్శన పెట్టారట.
నాకు పిలుపు లేదు. మేనకోడలు చూసొచ్చి చెప్పింది,
"అత్తా, నువ్వు గోడంత ఉన్నావు."

వెళ్ళాను. నిజమే.
ఆ కెమెరా మెట్లవైపు తిరిగి లేదు,
నావైపు తిరిగి ఉంది.
పసుపు కోటు నా గాజు మీద వేలెడంత నీడ.
జనం నా ముఖం మీదుగా దిగిపోతున్నారు,
నా చెంప మీద టోపీలు, నా నుదుటి మీద సంచులు.
నా పెదాలు కదులుతున్నాయి.
తిడుతున్నాననుకుని పక్కనున్న జంట నవ్వింది.
తిట్టడం లేదు. దీపాలు లెక్కపెడుతున్నాను.
పదిహేడు. పదిహేడు. పదిహేడు.
అంత కదలికలో
కూర్చుని ఉన్నది నేనొక్కదాన్నే.

గోడ పక్కన చీటీ: నిడివి, సంవత్సరం, ఆమె పేరు.
నా పేరు లేదు. అడుగుదామనుకున్నాను.
ఈలోగా బొమ్మ మళ్ళీ మొదటికొచ్చింది.
ఆ వేలు ఎప్పుడు దిగుతుందో
ఆ హాల్లో నాకొక్కదానికే తెలుసు.
చూసుకుంటే, అది నా కోటు గుండీని
గట్టిగా నొక్కిపట్టి ఉంది.

"ఇంకాసేపు," అన్నాను గోడతో,
మైకు లేకుండా.