డ-వత్తు

నిన్న రాత్రి షట్టరు దించేటప్పుడు
అన్నీ ఎక్కడివక్కడే ఉన్నాయి.
వెనక్కెళ్లే బాణం ఎడమ మూల,
తెల్లటి పేజీ, నల్లటి రాత,
నా కంటికి సరిపడా లావు అక్షరం.
పొద్దున్న తెరిచేసరికి
అద్దెకున్న గదిలోకి ఓనరు తన తాళంతో వచ్చి
మంచం తిప్పి వేసి పోయినట్టుంది.

పేజీ నల్లబడింది. రాత చీమల బారు.
బాణం ఎటు పోయిందో బాణానికే తెలియాలి.

ఫిషింగ్ హార్బర్ రోడ్డులో, ఐసు ఫ్యాక్టరీ ఎదురుగా
ఒక కంప్యూటరు, ఒక ప్రింటరు, ఒకటిన్నర కుర్చీల కొట్టు నాది.
ఉప్పుగాలికి కీబోర్డులో 'క' అప్పుడప్పుడు అంటుకుపోతుంది.
దానితో నాకు తగువు లేదు.
అది రోజుకింత, నా కళ్లముందే తుప్పు పట్టింది.
ఇది అలా కాదు.

"ఏట లేని రోజుల డబ్బులకమ్మా" అంటూ
లుంగీ మడతలోంచి ఆధార్ తీశాడు తెడ్డు మసేను.
ఇవాళే ఆఖరట.

అక్షరం పెద్దది చేద్దామంటే
'సెట్టింగులు' అన్న మాటే కనిపించదు.
కళ్లజోడు వెతకడానికి కళ్లజోడు కావాలి.
మూడు గీతలుండే చోట మూడు చుక్కలు.
చుక్కలు నొక్కితే చక్రం, చక్రం నొక్కితే 'రూపం',
అందులో రంగులే రంగులు!
గులాబి, నేరేడు, 'సముద్రం' అని పేరు పెట్టిన ఒక నీలం.
గుమ్మంలోంచి తొంగి చూశాను.
ఆ రంగు కాదు.
అక్షరాల సైజు మాత్రం ఇంకో గదిలో ఎక్కడో.

నూటపది. తేడా లేదు.
నూట ఇరవై అయిదు. 'సమర్పించు' మీట తెర దాటి
గంగవరం వైపు వెళ్లిపోయింది.
నూట యాభై. ఇప్పుడు కనిపిస్తోంది,
తలకట్లతో సహా, నడుం దాకా.
గడి అంచు తగిలి కింద వత్తులన్నీ తెగిపోయాయి.
మత్స్యకారుడు మతకారుడయ్యాడు.
తెడ్డు మసేను, తెడు మసేను.

సంతకం తప్ప చదువు లేని మనిషి
వంగి చూసి ఇట్టే పట్టేశాడు.
"ఏటమ్మా, నా డ-కి కాలిరిగిపోనాది?"
"విరగలేదు బాబూ, గడి కింద దాక్కుంది."
"దాక్కున్న కాలికి బేంకోడు డబ్బులేత్తాడేటి?
తెడ్డిరిగినా ఒడ్డుకొచ్చినోణ్ణి గానీ
ఇంటిపేరిరిగితే ఏటి సేసేది?"

సరిగ్గా అప్పుడే తెర మధ్యలోకి అయిదు నక్షత్రాలొచ్చి కూర్చున్నాయి.
కొత్త రూపం మీకు ఎలా ఉంది?
చదివి వినిపించాను, కోపం ఎవరితోనైనా పంచుకోవాలిగా.

మసేను నవ్వలేదు. కొండవైపు చెయ్యి చూపించాడు.
"డాల్ఫిన్ నోసు మీద లైటుంది కదమ్మా.
దానికి కొత్త బల్బెట్టు, రంగెయ్యి, నీ ఇష్టం.
రేత్రికి రేత్రి పక్కకొండకి మార్సీసి
బాగుందా అనడిగితే
మేం ఏ రాయి మీంచి సెప్పాల, బాగుందని?"

చివరికి మళ్లీ నూరుకే దిగాను.
ఫోను కెమెరా తెరకి ఆనించి, పెద్దది చేసి,
ఒక తెరలోంచి ఇంకో తెర చదువుకుంటూ
గడి గడికీ జరిగాం.
ఫోను పట్టుకున్నది అతనే.
ఇరవై నిమిషాలు, వల తాడు పట్టినట్టు,
చెయ్యి ఒక్కసారి కదలలేదు.

కాగితం ప్రింటరులోంచి వెచ్చగా వచ్చింది.
బొటనవేలు ఇంటిపేరు మీదుగా పోనిచ్చి
డ కింద ఆపాడు. ఉంది.
ఇరవై రూపాయలిచ్చి, చిల్లర అడక్కుండా పోయాడు.
చిల్లరేమీ లేదులెండి, ఇరవయ్యే.

చీకటి పడ్డాక కింది మూలలో చిన్న పెట్టె లేచింది.
మరిన్ని మార్పులు సిద్ధం.
ఇప్పుడు. తర్వాత.
'వద్దు' అనే మీట కోసం
ఆ పెట్టె నాలుగు అంచులూ వెతికాను.
'తర్వాత' నొక్కి
షట్టరు సగం దించి
మళ్లీ ఎత్తి, లోపలికెళ్లి,
ప్లగ్గు పీకేసి వచ్చాను.