ముడి సరుకు

సఖినేటిపల్లి రేవులో
టిక్కెట్ల గదిని ఆనుకున్న రేకుల కొట్టు నాది.
కిటికీ ఊచకి ఎనిమిది నూలు తాళ్ళు వేలాడదీసి
పంటు అవతలి ఒడ్డుకెళ్ళి తిరిగొచ్చేలోగా
ఒక వరస దింపుతాను.

తాళ్ళ కట్ట మీద ‘ముడి సరుకు’ అని రాసుంటుంది.
ముళ్ళేసే సరుకు కాబట్టి అలా రాశారనుకున్నాను
చాలా రోజులు.

నరసాపురంలో, లేసు కుట్టేవాళ్ళ సందులో
మూడు వారాలు నేర్పారు.
నేర్పినావిడ ప్రతి ముడికీ ఓ ఇంగ్లీషు పేరు చెప్పింది.
పంటు దిగేసరికి సగం గోదాట్లో కలిసిపోయాయి.
మేమే పెట్టుకున్నాం పేర్లు.
మెలి తిరుగుతూ దిగేది రొయ్యవెన్ను.
రెండు పక్కలా కాళ్ళు చాపేది ఎండ్రకాయ.
ఉబ్బి గుండ్రంగా కూచునేది చేగోడీ.
ఇంకోటుంది, ఎంత బతిమాలినా చేతికి లొంగదు,
దాని పేరు మా ఆడబడుచు.

ఎడమది మీద, కుడిది కింద,
వెనకనుంచి తెచ్చి కన్నంలోంచి లాగు.
ఇప్పుడు కుడిది మీద, ఎడమది కింద.
పోటూ పాటూ లాగే.
ఒకటే వేసుకుంటూ పోతే తాడు మెలి తిరిగిపోతుంది,
రెండూ పడితే తిన్నగా నిలబడుతుంది.

పెమ్మాడి బంగారయ్య రోజూ వచ్చి బల్ల మీద కూచుంటాడు.
ముప్ఫయ్యేళ్ళు పంటు మీంచి మోకు విసిరిన చెయ్యి.
ఇప్పుడు చుట్ట వెలిగించాలంటే రెండు పుల్లలు కావాలి.

“దేనికే ఇదంతా?”
“మొక్క కుండీ వేలాడేసుకోడానికి తాతా. హైదరాబాదులో కొంటారు.”
“ఉట్టి అను మరి.”
“ఉట్టే.”
“ఉట్టికిన్ని నగలెందుకు?”

జవాబు ఉంది గానీ చెప్పలేదు.
నగల్లేని ఉట్టి నలభై రూపాయలు,
నగలున్నది మూడొందలు,
అందులో నా కొంగున పడేది డెబ్భై.

ఓ మధ్యాహ్నం గాలి రేగి పంటు ఆపేశారు.
కొట్లో ఇద్దరమే.
అయిపోయిన ఉట్టిని ఒళ్ళో వేసుకుని
వల చిరుగు వెతికినట్టు
ఒక్కో ముడినీ బొటనవేలితో తడిమాడు.
“బిగువు బావుంది. ఏది లాగితే ఊడుద్ది?”
“ఊడదు తాతా. కొసకి జిగురు కూడా పెడతాను.”

నీళ్ళవైపు చూస్తూ ఉండిపోయాడు.
“ఊడని ముడి ఒకటి నేనూ వేశాను.
తుఫాను రాత్రి. మోకు నాని పీటముడి పడిపోయింది.
కత్తి తెస్తానని పక్క పడవలోకి దూకాడు మా సింహాచలం.”
అక్కడితో ఆపి
చుట్టకి రెండో పుల్ల గీశాడు.

తెగిన ముక్కొకటి అడిగి తీసుకున్నాడు.
ఊచకి ఒక చుట్టు, దాని మీంచి మడత,
మడతలోంచి ఇంకో మడత.
చెయ్యి వణుకుతూనే ఉంది.
నిండు బిందె తగిలించాడు. ఆగింది.
ఊగింది, ఆగింది.
అప్పుడు కొస పట్టుకుని కొంచెం, చాలా కొంచెం లాగాడు.
పాలు తాగుతూ నిద్రపోయిన పిల్ల
రొమ్ము వదిలినట్టు వదిలేసింది తాడు.
బిందె నా కాళ్ళ ముందు పడి
కొట్టంతా గోదారి.
ఆయన నవ్వగా నేను చూసింది ఆ ఒక్కసారే.

ఆ రాత్రి తడి తుడుస్తూ లెక్కేశాను.
మెళ్ళో మూడు ముళ్ళు, అంతర్వేదిలో కట్టిన ముడుపు,
పాలవాడి బాకీ గుర్తుకి పైట చెరగున ఒకటి.
విప్పడం ఎవరూ నేర్పలేదు.
అడగడం నాకూ తోచలేదు.

తర్వాతి నలభై ఉట్లకీ పైన ఉంగరం దగ్గర
జిగురు మానేసి బంగారయ్య ముడి వేశాను.
నెల తిరక్కుండా ఫోనొచ్చింది.
ఎవరింట్లోనో పిల్లాడు కొస లాగాడట,
కుండీ పగిలిందట, మనీ ప్లాంటు పోయిందట.
నా డబ్బుల్లోంచి కోసుకున్నారు.
మళ్ళీ జిగురు సీసా కొన్నాను.

వెనక్కొచ్చిన ఆ ఒక్కటీ
ఊచకే వేలాడుతోంది, ఆ ముడితోనే.
కుండీ లేదు, మొక్క లేదు.
చుట్ట తాగేవాడి చేతికందేలా
నిండు అగ్గిపెట్టె.