తెలుపు, ఎరుపు, తెలుపు

జూన్ రెండో వారం, మంచు కరిగి బాట బయటపడగానే
రెండు డబ్బాల రంగు, మూడు కుంచెలు, ఒక ఇనుప బ్రష్షు
వీపు సంచిలో వేసుకుని బయల్దేరతాను.
బేకరీ క్లోతిల్డా నిన్నటి రై రొట్టె సగం ధరకిస్తూ
"ఈ ఏడాది కూడానా, ఫిలోమెనా?" అంటుంది.
ఈ ఏడాది కూడానే.
కాకపోతే సంచిలో మూడో డబ్బా ఉంది.
అందులో ఏముందో ఆమె అడగలేదు.

నేను శిఖరాలెక్కే మనిషిని కాను.
ఎక్కేవాళ్ళు దారి తప్పకుండా రాళ్ళకి రంగు పూస్తాను.
తెలుపు, ఎరుపు, తెలుపు.
అరచేయంత పొడవు, మూడు వేళ్ళ వెడల్పు.
ముందు నాచు గీకాలి.
రాయి తడిగా ఉంటే ఆరేదాకా పక్కనే కూర్చోవాలి
(అందుకే ఈ కొండ మీద పూలన్నీ నాకు పేరుపేరునా తెలుసు).
వంపు ముందు ఒకటి, వంపు తిరిగాక ఒకటి.
పొగమంచులో నడిచేవాడికి
వెనకటి గుర్తు మాయమయ్యేలోపే ముందుది కనబడాలి.
ఇది నాన్న సూత్రం.
ఆయన మాట్లాడిన కాసిని మాటల్లో ఇదొకటి.

లార్చ్ చెట్లు ఆగిపోయే చోట
ఇద్దరు కుర్రాళ్ళు నన్ను దాటారు.
నడుముకి తాళ్ళు, చేతి గడియారాల్లో గుండె లెక్కలు.
"వైస్‌గ్రాట్ శిఖరానికి ఇంకెంత?"
దూరపు కొండలు నునుపు నాయనా,
దగ్గరికెళ్ళి చూడు, అన్నీ కోరలే,
అని నోటిదాకా వచ్చింది.
"మూడు గంటలు. మబ్బు పడితే ఐదు" అన్నాను.
ఒకడు నా తడి రంగు తొక్కుకుంటూ పోయాడు.
చాలాదూరం రాళ్ళ మీద ఒక ఎర్రటి మడమ
సగం, పావు, మరక, ఆపైన ఏమీ లేదు.

పదకొండింటికి హిమానీనదం అంచు.
అంచు అని అలవాటుకొద్దీ అంటున్నాను.
చిన్నప్పుడు ఇక్కణ్ణుంచి మంచు మీదికి
గడప దాటినట్టు దాటేవాళ్ళం.
గడప ఉంది. ఇల్లే లేదు.
కింద బూడిదరంగు బురద, గులకరాళ్ళు,
ఇంకా ఎవరూ పేరు పెట్టని ఒక చెరువు.
దిగి, చెరువు చుట్టూ నడిచి, అవతలి గోడ చేరాలి.

గోడకి ఇనుప నిచ్చెన.
నా పెళ్ళినాటికి పదహారు మెట్లు.
ఏటేటా నేనూ మెల్కియోరూ కిందికి అతుకుతూ వచ్చాం.
పోయినేడు నూట నాలుగు, ఈసారి నూట పదకొండు.
కొండ ఒక్క అంగుళం ఎదగలేదు,
ఆయాసం మాత్రం పెరిగింది.

తొంభయ్యో మెట్టు దగ్గర, ఎడమ పక్కన,
వెలిసిపోయిన గుర్తు ఒకటి.
నాన్న వేసింది.
మంచు మీద నిలబడి, తన భుజం ఎత్తున, తాపీగా.
పోయిన ఆగస్టులో పొగమంచు దిగినప్పుడు
ఒక డచ్చి పెద్దాయన దాన్ని నమ్మి
నిచ్చెన వదిలి పక్కకి కాలు వేశాడు.
తాడు ఉంది గనక బతికాడు.
పంచాయతీవాళ్ళు ఉత్తరం రాశారు, మర్యాదగానే.

కొక్కెం తగిలించుకుని ఒరిగాను.
కింది తెలుపు చారలో కుంచె వెంట్రుక ఒకటి
ఎండి అతుక్కుని ఉంది.
నాన్న ఎప్పుడూ చవక కుంచెలే కొనేవాడు.
కాసేపు దాన్నే చూశాను. మెల్కియోర్ కిందనుంచి
"అయిందా?" అని అరిచాడు.
లేదు.

వెనకటిది మాయమయ్యేలోపే ముందుది కనబడాలి.
ముందు ఏమీ లేని గుర్తు గుర్తు కాదు.
ఆయన మాట ప్రకారమే ఆయన గీత తప్పు.

మూడో డబ్బా తెరిచాను. రాతి రంగు.
మొదటి పూతకి తెలుపు పోయింది, ఎరుపు పోలేదు.
రెండో పూత వేస్తుంటే మూత చేజారింది.

ఒకటి,
రెండు,

అప్పుడు నీటి చప్పుడు.

అంత ఎత్తున నిలబడి పనిచేశాడు నాన్న,
తాడు లేకుండా, నోట్లో పైపు పెట్టుకుని.
ఆయన కాళ్ళ కింద అప్పట్లో గట్టిగానే ఉండేది.