దరఖాస్తు నంబరు పదిహేడు

పెన్సిలుతో రాసి పంపింది వెర్లా హాల్వర్‌సన్.
కాగితం మూల మీద కాఫీ మరక.
కావలసింది: రెండువేల నూట నలభై డాలర్లు.
ఎందుకు: చర్చి వెనక కార్లు ఆపేచోట
తారు సగం పెకలించడానికి.

వాన పడితే చాలు
బ్రేకుల పొడి, టైర్ల నుసి, ఇంజిన్ల నూనె
ఇంద్రధనుస్సు వేషం కట్టి
ఇనప జాలీలోంచి దూకి
చడీచప్పుడూ లేకుండా సముద్రపాయలోకి జారుకుంటాయట.
ఏరెక్కొచ్చిన కోహో చేప
కడుపులో గుడ్లు కడుపులో ఉండగానే
గిర్రున తిరిగి తిరిగి వెల్లకిలా పడుతుందట.
లెక్కపెట్టింది: పోయిన అక్టోబరులో పదకొండు.

మా ఫారంలో తొమ్మిదో ప్రశ్న:
ఫలితాన్ని దేనితో కొలుస్తారు?
జవాబు: "మా కుక్క చేపను చూస్తేనే మొరుగుతుంది.
మూడేళ్ళుగా నోరెత్తలేదు."

కమిటీ అంతా నవ్వింది. నేనూ నవ్వాను.
రంగు రంగుల పటాలు పెట్టినవాళ్ళకి లక్షలిచ్చి
ఈవిడకి పదిహేనువందలు విదిల్చాం.
తక్కువైంది పడవ మోటారు అమ్మి పూడ్చుకుందని
రసీదులు చూసేదాకా తెలియలేదు.

నవంబరులో తనిఖీకి వెళ్ళాను, గొడుగు లేకుండా.
తారు ఉన్నచోట తుంగ, ఎర్రకొమ్మల పొదలు,
మోకాలిలోతు గుంట.
రోడ్డు నీళ్ళు నల్లగా పరుగెత్తుకొచ్చి
అక్కడ ఆగి, తడబడి,
మెల్లగా మట్టిలోకి దిగిపోతున్నాయి.

ఏటి ఒడ్డున వెర్లా, పక్కన ముసలి కుక్క.
చెవులు నిక్కబొడుచుకుంది.
మేమిద్దరం ఊపిరి బిగబట్టాం.

మొరగలేదు.

"దానికి తొందర్లేదు," అంది వెర్లా,
"మీకే శుక్రవారంలోగా కావాలి."