అడిగితేనే

రీగాలో ఏప్రిల్.
వంటగదే ఆఫీసు. ఇస్త్రీ బల్ల మీద కంప్యూటరు,
కిటికీ గట్టు మీద మా అక్క పంపిన
బర్చి చెట్టు నీళ్ళ సీసా.
నాలుగు ఎండుద్రాక్షలు వేసి మూత పెట్టాను,
పులవడానికి.

విమానాలన్నీ నేల మీదే ఉన్నాయి.
ఫోన్లే దిగుతున్నాయి, ఒకదాని వెనక ఒకటి.

ఎదురుగా గోడకు అంటించిన కాగితం:
మొదట సానుభూతి. ఆ తర్వాత వోచరు.
రెండేళ్ళు చెల్లుతుందనండి, పదిశాతం ఎక్కువనండి.
అడుగున డైగా మేడమ్ ఎర్రసిరాతో గీసిన గీత,
గీత కింద:
డబ్బు వాపసు, వాళ్ళు అడిగితేనే.

అడగకపోయినా అది వాళ్ళదే.
ఏడు రోజుల్లో ఇచ్చి తీరాలని చట్టం.
ఒక రాత్రి నిద్ర పట్టక మొత్తం చదివాను.
చదవకుండా ఉండాల్సింది.
హక్కు అన్న మాట
అప్పటినుంచి ఎక్కిలిలా వస్తోంది.
గుక్కెడు నీళ్ళు తాగి
లోపలికి పంపేస్తున్నాను.

మధ్యాహ్నం మూడింటికి కుల్దీగా నుంచి విస్వాల్దిస్ గారు.
పియానోలకు శ్రుతి చేస్తారట.
ప్రతి మే నెలా ట్రోమ్సో వెళ్ళి
అక్కడి చర్చిలో పియానో,
బడిలో రెండు, ఒక దంతవైద్యుడి ఇంట్లో ఒకటి.
టికెట్టు రెండువందల పన్నెండు యూరోలు.
ఇప్పుడు బళ్ళు లేవు, కచేరీలు లేవు,
శ్రుతి తప్పినా వినేవాళ్ళు లేరు.

నేను సానుభూతి చదివాను. వోచరు చదివాను.
"సరేనమ్మా," అన్నారాయన.
"రొట్టెల కొట్టువాడు ఆ కాగితం పుచ్చుకుంటే బాగుండేది.
మీరు మాత్రం ఏం చేస్తారులెండి."
కాసేపాగి,
"మీ ఫ్రిజ్ జి స్వరానికి ఒక వెంట్రుక పైన పాడుతోంది."

నవ్వొచ్చింది. నవ్వితే రికార్డవుతుంది.

"ఇంకేమైనా *అడగాలనుకుంటున్నారా*?" అన్నాను.
లేదమ్మా, సెలవు, అన్నారు.
"ఏమైనా సరే," అన్నాను,
"మీరు అడగవచ్చు.
అడిగితే."

ఆ మాట మీద నా గొంతు ఎంత జరిగిందో,
అరస్వరమో, అందులో సగమో,
డైగా మేడమ్ ఎన్నిసార్లు విన్నా పట్టుకోలేదు.
అవతల ముసలి చెవి పట్టుకుంది.
ఊపిరి ఆగిన చప్పుడు. కుర్చీ కిర్రుమంది.

"అయితే అమ్మాయ్…
నా డబ్బు నేను అడగొచ్చా?"

"అడిగారు," అన్నాను,
అప్పటికే టైపు చేస్తూ.

ఏడు రోజులు కాదు, నలభై ఒక్క రోజు పట్టింది.
కానీ వెళ్ళింది. రోజూ చూసుకున్నాను.

నా సొరుగులో ఒక వోచరుంది.
త్బిలీసీకి, జూన్‌లో వెళ్ళాల్సింది.
అంగీకరిస్తున్నాను అన్న గడిలో
నేనే నొక్కాను, మొదటి రోజే.
నన్నెవరూ అలా సాగదీసి అడగలేదు మరి.

రాత్రి సీసా మూత తీస్తే బుస్సుమంది.
ఇల్లంతా నిశ్శబ్దం,
ఫ్రిజ్ తప్ప.
జి కంటే ఒక వెంట్రుక పైన.
ఇక వినకుండా ఉండలేను.